కంటిపొర నిజంగా పొరేనా?

గోదావరి ఎడమ గట్టున, ఛత్తీస్‌గఢ్ అడవులను ఆనుకుని ఉంది చర్ల మండలం. మిరపకాయ కోతల రోజుల్లో ఇక్కడి చేలు కూలీలతో కళకళలాడుతుంటాయి. అలాంటి చేలో పనిచేసే ఒక అవ్వను ఊహించుకోండి. కొన్నాళ్ళుగా ఆమెకు పండుకాయ ఏదో, పచ్చికాయ ఏదో తెలియడం లేదు. కూలికి పిలవడం మానేశారు. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరే పని కూడా చేయలేకపోతోంది. “కంటికి పొర కమ్మింది. ముసలితనం కదా!” అన్నారందరూ. అవ్వ కూడా అదే అనుకుని అరుగుమీద కూర్చుండిపోయింది.

ఈ మాటల్లో రెండు పొరపాట్లు ఉన్నాయి. అవేమిటో చూద్దామా?

మొదటిది ‘పొర’ అన్న మాటే. కంటిపాప వెనుక పారదర్శకమైన కటకం ఒకటి ఉంటుంది. అది ప్రోటీన్లతో, నీటితో తయారైంది. కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన ఏమవుతుంది? గాజులా ఉన్నది కాస్తా తెల్లబడుతుంది. వయసు పెరిగేకొద్దీ కటకంలోని ప్రోటీన్లు కూడా మార్పు చెంది, అది మసకబారుతుంది. ఇదే శుక్లం. అంటే కంటిపైన పొర ఏదీ ఏర్పడలేదు, లోపలి కటకమే మారింది. కాబట్టి చుక్కల మందుతో ఇది పోదు. ఆకుపసర్లు పోస్తే మరీ ప్రమాదం. కంటి ముందుభాగం పుండుపడి, మానినా మచ్చ మిగిలిపోవచ్చు.

రెండో పొరపాటు, ‘ముసలితనం కాబట్టి చేసేదేమీ లేదు’ అనుకోవడం. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దాలు పగిలి, ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను పెద్దగా చెడలేదని హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు గమనించాడు. అలాంటి ప్లాస్టిక్‌తోనే కటకం చేయించి, 1949లో లండన్‌లో ఒక రోగి కంట్లో అమర్చాడు. ఇప్పుడు మసకబారిన కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ కటకం పెడుతున్నారు. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్ళిపోవచ్చు.

“పొర ముదరాలి, అప్పుడే ఆపరేషన్” అని పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. కటకం మొత్తాన్ని బయటికి తీసి, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చే రోజుల నాటి మాట అది. ఇప్పుడు అంతకాలం ఆగనక్కరలేదు. రోజువారీ పనికి చూపు అడ్డమైతే చాలు, వైద్యుని అడగవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థ పరిశోధకులు 10,293 మంది కళ్ళు పరీక్షించారు. అంధత్వానికి కారణాల్లో శుక్లం 44 శాతం, కళ్ళద్దాలతో సరిచేయగల దోషం 16 శాతం. అంటే చూపులేని ప్రతి ఐదుగురిలో ముగ్గురికి చూపు తిరిగి వచ్చే అవకాశం ఉందన్నమాట!

మరి అవ్వ ఎందుకు వెళ్ళలేదు? భద్రాచలం ఆస్పత్రికి యాభై కిలోమీటర్లకు పైనే ప్రయాణం. వెంట వచ్చేవారికి ఒకరోజు కూలి పోతుంది. అన్నిటికంటే ముందు, ఇది నయమవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలంగాణ ప్రభుత్వం 2018లో కంటి వెలుగు శిబిరాలు ప్రారంభించింది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలోనే మొదలైంది. అయితే శిబిరం వచ్చి వెళుతుంది. కళ్ళకు మాత్రం ఏటా ఒక ఏడు వయసు పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే మీ పని ఉంది. పగటి వెలుతురులో తాతయ్యను కూర్చోబెట్టి, ఇరవై అడుగుల దూరంలో మీరు నిలబడండి. ఆయన ఒక కన్ను మూసుకోవాలి. మీరు చూపిన వేళ్ళు ఎన్నో చెప్పమనండి. తర్వాత రెండో కన్ను. ఏ కంటితో చెప్పలేకపోయినా ఆశా కార్యకర్తకు తెలపండి, లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. వేళ్ళు లెక్కపెట్టగలిగినా చూపు మసకగా ఉందంటే చూపించవలసిందే. కారణం శుక్లమో కాదో వైద్యుడే తేల్చాలి. నీటికాసుల వ్యాధి వల్ల పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ఆలస్యం పనికిరాదు.

అన్నట్టు, తరగతిలో నల్లబల్ల మీద అక్షరాలు మీకు స్పష్టంగా కనిపిస్తున్నాయా? పక్కవాడి నోటుపుస్తకంలో చూసి రాసుకుంటున్నారా? అయితే తాతయ్యతోపాటు మీరూ పరీక్షకు వెళ్ళండి!