డాక్టర్ పాట్రిక్ రస్సెల్ - తెలుగు తీరాన సర్పశాస్త్రం

పామును చూడగానే కర్ర కోసం వెదకుట లోకసహజం. అది ఏ జాతి పాము, దానికి విషం కలదా లేదా అని విచారించువారు అరుదు. రెండు వందల సంవత్సరాలకు పూర్వమే మన విశాఖపట్టణంలో ఆ విచారణకు పూనుకున్న స్కాట్లండు వైద్యుడు డాక్టర్ పాట్రిక్ రస్సెల్. ఆయన జీవితాన్ని, కృషిని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచినాము.

రస్సెల్ ఎడింబరో నగరంలో జన్మించారు. వైద్యవిద్య ముగించి 1750లో సిరియా దేశంలోని అలెప్పో, అనగా అరబ్బులు హలబ్ అని పిలిచే నగరానికి వెళ్ళారు. అక్కడ ఆయన సవతి అన్న అలెగ్జాండర్ అప్పటికే వైద్యుడు. 1753లో అన్న స్వదేశానికి మరలగా, ఆ స్థానంలో తమ్ముడు నిలిచి 1771 వరకు సేవ చేశారు. అరబ్బీ భాషను చక్కగా నేర్చుకొన్నారు. 1760 నుండి 1762 వరకు ప్లేగు మహమ్మారి ఆ నగరాన్ని పీడించినపుడు రోగులను విడువక, చూచినదంతా వ్రాసి ఉంచారు. ఆ అనుభవమే 1791లో ప్లేగుపై బృహద్గ్రంథంగా వెలువడింది. ఆయనను గౌరవించి అలెప్పో పాషా తలపాగా ధరించే మర్యాదను కల్పించినాడట. పరదేశంలో వైద్యుడు మొదట ఆ దేశపు భాషకు శిష్యుడు కావలెనన్న పాఠాన్ని రస్సెల్ అక్కడే నేర్చినట్లు మాకు తోచుచున్నది.

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియైన సోదరుడు క్లాడ్ వెంట 1781లో ఆయన భారతదేశానికి బయలుదేరి, విశాఖపట్టణంలో స్థిరపడ్డారు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణించగా ఆ పదవి రస్సెల్‌కు లభించింది. వృక్షాలను, చేపలను పరిశీలించుట ఆయన విధి. కాని వైద్యుని మనసు పాముకాటు మరణాలపైనే నిలిచింది.

ఆనాటి చిక్కు ఏమనగా, ఏది విషసర్పమో, ఏది కాదో పైరూపం చూచి చెప్పే నిశ్చయమైన గుర్తు లేదు. లిన్నేయస్ పద్ధతిలో శాస్త్రజ్ఞులు పాము పొట్టమీది పట్టెలను, తోకకింది పొలుసులను లెక్కించేవారు. రస్సెల్ ఆ లెక్కలు తీస్తూనే, నోరు తెరచి కోరలను పరిశీలించారు. విషగ్రంథితో కలిసిన కోర ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న. కోడిపిల్లలపై, కుక్కలపై కాటు ప్రభావాన్ని పరీక్షించి, లక్షణాలు గంట గంటకు వ్రాసుకొన్నారు. పాముకాటుకు దివ్యౌషధమని పేరుపొందిన తంజావూరు మాత్రలను సైతం ప్రతీతిని నమ్మి ఊరకుండక పరీక్షకు పెట్టారు.

ఆయన పద్ధతిలో మనకు మిక్కిలి ముఖ్యమైన విషయం పేర్ల సేకరణ. ఊరివారు పామును ఏమని పిలుస్తారో ఆ పేరునే అడిగి, విని, ఇంగ్లీషు లిపిలో వ్రాశారు. కంపెనీ ఆజ్ఞపై 1796లో లండనులో వెలువడిన కోరమాండల్ తీర సర్పగ్రంథంలో 'కాటుక రేకుల పొడ' అను పేరు కనిపిస్తుంది. పొడ అనగా మచ్చ. వెన్నుపై వరుసగా అమరిన నల్ల అంచుల మచ్చలు కాటుక దిద్దిన రేకులవలె ఉండుటచే ఆ పేరు వచ్చి ఉండును. అదే రక్తపింజర. 1797లో జార్జి షా దానికి రస్సెల్ పేరు పెట్టగా, నేటికీ లోకమంతా దానిని రస్సెల్ వైపర్ అనియే వ్యవహరిస్తున్నది. పసుపు, నలుపు పట్టీల 'బంగారు పాము' పేరు నుండి 1803లో 'బంగారస్' అను శాస్త్రనామం పుట్టింది. మన కట్లపాము కూడ ఆ ప్రజాతికి చెందినదే. 1803లో వచ్చిన ఆయన విశాఖ చేపల గ్రంథంలోని వాలుగ పేరు సైతం 'వల్లాగో' రూపంలో శాస్త్రంలో చేరింది.

అయితే ఒక న్యాయమైన ప్రశ్న కలదు. పాములను పట్టి తెచ్చినదెవరు? పేర్లు చెప్పినదెవరు? గ్రంథం కంపెనీది, కీర్తి రస్సెల్‌ది. ప్రాణాలకు తెగించిన పాములవారి పేరు ఏ జాతికీ పెట్టబడలేదు. వారి మాట మాత్రం శాస్త్రంలో మిగిలింది. రస్సెల్ 1789లో మన దేశాన్ని వీడి, 1805లో లండనులో మరణించారు.

ఆయన 1796 గ్రంథంలో వర్ణించిన నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికి నేడు మన దేశంలో ఒకే విరుగుడు మందు లభిస్తున్నది. విషాన్ని స్వల్ప మోతాదులలో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో దానిని తయారు చేస్తారు. అయినను 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. మందు ఉండి కూడ మంత్రగాని వద్ద కాలం గడుపుట వల్ల పోవుచున్న ప్రాణాలు ఇందులో ఎన్నో కలవు.

విద్యార్థులారా! శాస్త్రం పరభాషలో పుట్టినదని సంకోచించకండి. దానిలో మీ అవ్వ పలికే మాటలున్నవి. సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు మీ ఊరివారు పాములకు, చేపలకు, చెట్లకు పెట్టిన పేర్లు అడిగి వ్రాసుకొనండి, చెప్పినవారి పేరుతో సహా. ఎవరికైనా పాము కరచినచో కదలనీయక, కోయక, కట్లు బిగించక, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. రస్సెల్ ప్రారంభించిన పనిలో మన వంతు ఇదియే.