నీటికాసులకు చుక్కల మందు - ఒక్క చుక్కే కదా అని తేలిగ్గా తీసుకోకండి



మామిడి కోతలు ముగిసిన రోజుల్లో బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన మా కంటి విభాగానికి వచ్చారు. అంతకు ముందు ఏడాదే ఆయనకు నీటికాసుల జబ్బు ఉన్నట్టు తేలింది. రోజూ రెండు పూటలా వేసుకోమని చుక్కల మందు రాసి ఇచ్చాము. అయితే తోపులో కాయ కోత, మార్కెట్టుకు తోలడం, ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల వరుసలో కాచుకోవడం, ఈ హడావుడిలో రెండు నెలలకు పైగా మందు మానేశారు. "కండ్లు బాగానే కనిపిస్తా ఉండాయి గదమ్మా, ఇంక మందెందుకని ఆపేసినా" అన్నారు. పరీక్ష చేస్తే కంటి ఒత్తిడి మళ్లీ పెరిగి ఉంది. పక్క చూపు ఇంకొంత తగ్గింది. అలా పోయిన చూపును తిరిగి తేవడం మా చేతుల్లో లేదు, ఏ డాక్టరు చేతుల్లోనూ లేదు.

సంగతి అంతటితో ఆగలేదు. మిగిలిన సీసాను ఆయన భార్య వాడుకున్నారు. "నాకూ కండ్లు మసకగా ఉండాయి, డబ్బు పెట్టి కొన్న మందు పారబోయడమెందుకని నేనేసుకున్నా" అన్నారు ఆ తల్లి. ఆమెకు చాలా కాలంగా ఆయాసం ఉంది. చుక్కలు వేసుకున్న రాత్రి పిల్లికూతలు ఎక్కువై, ఊపిరి అందక తెల్లవార్లూ కూర్చునే గడిపారు. ఆ మందు టిమోలాల్. ఆయాసం ఉన్నవారు దాన్ని వాడకూడదు. పైగా ఆమె కంటి మసకకు కారణం శుక్లం. శుక్లం ఏ చుక్కల మందుతోనూ కరగదు.

ఇద్దరూ మంచివారే, తెలియక చేసిన పనే. మన కుటుంబాల్లో మరెవరికీ ఇలా జరగకూడదని ఈ నెల ఈ విషయం రాస్తున్నాము.

నీటికాసులు అంటే ఏమిటి?

కంటి లోపల ఒక పలుచని నీరు నిత్యం ఊరుతూ, సన్నని జల్లెడ వంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. ఊరే నీరు, పోయే నీరు సరిసమానంగా ఉంటే కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 వరకు ఉంటుంది. దారి పూడుకుపోతే ఒత్తిడి పెరిగి, కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరాన్ని నలిపేస్తుంది. కొందరిలో ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతినవచ్చు. దీన్నే గ్లాకోమా లేక నీటికాసులు అంటాము.

ఎక్కువమందిలో ఈ జబ్బుకు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందు పక్క చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది చివరి వరకు కనిపిస్తూనే ఉంటుంది కనుక మనిషికి అనుమానం రాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల సర్వే ఫలితాలు 2000లో వచ్చాయి. హైదరాబాదు నగరంలో నీటికాసులు బయటపడిన వారిలో చాలా ఎక్కువమందికి, పరీక్ష చేసే వరకు ఆ సంగతే తెలియదు. నగరంలోనే అలా ఉంటే పల్లెల సంగతి వేరే చెప్పాలా?

చుక్కల మందు ఏం చేస్తుంది?

కొన్ని మందులు నీరు ఊరడాన్ని తగ్గిస్తాయి, కొన్ని బయటికి పోయే దారిని సులువు చేస్తాయి. ఇది ఈనాటి వైద్యం కాదు. 1876లో స్ట్రాస్‌బర్గ్ కంటి వైద్యుడు లుడ్విగ్ లాకూర్ ఆఫ్రికాలో దొరికే ఒక చిక్కుడు జాతి గింజ నుంచి తీసిన మందును ఈ జబ్బుకు వాడి చూపించారు. ఆయనకూ నీటికాసులు ఉండేవి. అమెరికాలో 1978లో టిమోలాల్, 1996లో లటానోప్రోస్ట్ వాడుకలోకి వచ్చాయి. ఒత్తిడి ఎక్కువగా ఉండి ఇంకా జబ్బు రాని 1,636 మందిని అమెరికాలో ఏళ్ల తరబడి గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. ఐదేళ్లలో మందు వేసుకోని వారిలో నూటికి 9.5 మందికి జబ్బు మొదలైంది. వేసుకున్న వారిలో 4.4 మందికే వచ్చింది. చుక్క మందు విలువ అది.

అయితే మందు ఉన్న చూపును కాపాడుతుందే గాని, పోయిన చూపును తేలేదు. అందుకే "వేసుకున్నా చూపేమీ పెరగలేదు" అని ఆపకండి. బి.పి. మాత్రలాగే ఇదీ రోజూ వాడవలసినదే.

వేసుకునే పద్ధతి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా మీద పేరు చదవండి. చదవడం రానివారు ఇంట్లోవారి చేత పొద్దుటి సీసాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి సీసాకు రెండు వేయించుకోండి.

2. కూర్చుని గాని, పడుకుని గాని తల వెనక్కి వాల్చండి. కింది రెప్పను వేలితో మెల్లగా లాగితే చిన్న గుంటలా ఏర్పడుతుంది. పైకి చూస్తూ ఆ గుంటలో ఒక్క చుక్క వేయండి. సీసా మొన కంటికి, రెప్పకు, వేలికి తగలకూడదు. తగిలితే క్రిములు మందులో చేరతాయి.

3. కంట్లో ఒక చుక్కకే చోటు ఉంటుంది. రెండోది చెంప మీదికి కారిపోతుంది, డబ్బు వృథా. చుక్క బయట పడిందని తెలిస్తేనే ఇంకొకటి వేయండి.

4. కన్ను మెల్లగా మూయండి, గట్టిగా చికిలించవద్దు. ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టండి. కంటి నుంచి ముక్కులోకి ఒక సన్నని కాలువ ఉంటుంది. అదమకపోతే మందు ఆ దారిన గొంతులోకి, రక్తంలోకి పోతుంది. కొందరు గొంతులో చేదు తగిలిందని చెప్పేది అందుకే.

5. రెండు రకాల మందులుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ ఉంటే చివర పెట్టుకోండి.

చేతులు వణికే పెద్దలకు కొడుకో, కోడలో, మనవరాలో వేయడం మంచిది. తర్వాతిసారి వచ్చేటప్పుడు సీసా తెచ్చి, ఎలా వేసుకుంటున్నారో మా సిస్టర్‌కు చేసి చూపించండి. అందులో సిగ్గుపడవలసినది లేదు.

ఏ మందుతో ఏ జాగ్రత్త?

టిమోలాల్: ఆయాసం, గుండె నెమ్మదిగా కొట్టుకోవడం వంటివి ఉంటే ముందే చెప్పండి. షుగరు ఉన్నవారిలో షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండె దడను ఇది కప్పిపుచ్చవచ్చు.

లటానోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, బిమాటోప్రోస్ట్: రోజుకు ఒక్కసారి, సాధారణంగా రాత్రిపూట. మొదట్లో కొంత ఎరుపు ఉండవచ్చు. రెప్పవెంట్రుకలు పొడవు కావడం, రెప్ప చర్మం నల్లబడటం కూడా ఉంటుంది. చర్మానికి అంటిన మందు తుడిచేయండి.

బ్రిమోనిడిన్: నోరు ఎండుతుంది, కొందరికి మగత వస్తుంది. పసిపిల్లలకు ప్రమాదకరం, వారికి అందనీయకండి.

డోర్జోలమైడ్: మంట, నోట్లో చేదు ఉంటాయి. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి తప్పక చెప్పండి. వేరే జబ్బుకు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా కంటి చుక్కల పేరు చెప్పండి. ఏదైనా ఇబ్బంది కలిగితే ఇంట్లోనే ఆపేసి ఊరుకోకుండా మా దగ్గరికి రండి, మందు మార్చవచ్చు. చుక్కలు పడనివారికి లేజర్, ఆపరేషన్ మార్గాలు కూడా ఉన్నాయి.

ఇంకొక్క మాట. కళ్లు ఎర్రబడ్డాయనో, దురద అనో మందుల అంగడిలో అడిగి చుక్కలు కొనుక్కోకండి. వాటిలో స్టిరాయిడ్ ఉంటే, కొందరిలో అదే కంటి ఒత్తిడిని పెంచి నీటికాసులు తెప్పిస్తుంది.

సీసా జాగ్రత్త

మూత తీసిన తేదీని సీసా మీద రాయండి. చాలా మందులను తెరిచిన నాలుగు వారాల తర్వాత, మిగిలి ఉన్నా పారవేయాలి. కొన్నింటిని తెరిచేవరకు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి, బయట ఉంచదగిన మందు రాస్తాము. మన చిత్తూరు ఎండల్లో కిటికీ గట్టు మీద, బండి పెట్టెలో సీసాను వదలకండి. చెవి మందు, కంటి మందు ఒకే డబ్బాలో పెట్టకండి.

మరచిపోకుండా ఉండాలంటే

రోజూ తప్పక చేసే పనికి మందును ముడిపెట్టండి. పొద్దున పళ్లు తోముకున్నాక, రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక, ఇలా. ఒక పూట మరచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గర పడితే దానితోనే సరిపెట్టుకోండి, రెండింతలు వద్దు. ఉపవాస దినాల్లో కూడా చుక్కలు మానకండి. కోతలకు, పెళ్లిళ్లకు, ఊరికి వెళ్లేటప్పుడు సీసా సంచిలో ఉండాలి. అయిపోక ముందే కొత్తది తెచ్చుకోండి. పరీక్షకు వచ్చే రోజు కూడా మామూలుగా వేసుకునే రండి. అప్పుడే మందు పనిచేస్తోందో లేదో మాకు తెలుస్తుంది.

వెంటనే రావలసినప్పుడు

హఠాత్తుగా కంట్లో తీవ్రమైన నొప్పి, ఎరుపు, మసక, దీపం చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పి, వాంతులు వస్తే తెల్లవారేదాకా ఆగకండి. పైత్యం అనుకుని ఇంట్లో ఉండిపోతే కన్ను దక్కదు. చుక్కలు వేసుకున్నాక ఆయాసం, కళ్లు తిరగడం, స్పృహ తప్పినట్టు కావడం జరిగినా వెంటనే రండి. సీసా వెంట తీసుకురండి.

ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటిన వారు ఆలస్యం చేయవద్దు. ఏటా మార్చిలో ప్రపంచ గ్లాకోమా వారం జరుగుతుంది. కాని మీ కన్నుకు ఏ నెలైనా మంచి నెలే.

మొదట చెప్పిన ఆ దంపతులు ఇప్పుడు కలిసే వస్తున్నారు. ఆమెకు శుక్లం ఆపరేషన్ అయింది. రాత్రి భోజనం అయ్యాక ఆయనకు చుక్కలు వేసేది ఆమే. ఆయన చూపు అంతకంటే తగ్గలేదు. ఈ జబ్బులో మేము కోరుకునేదీ అదే.