రెడ్ వైన్... గుండెకు మందేనా?

ఓ రాత్రి నేను డ్యూటీలో ఉండగా 52 ఏళ్ల వ్యక్తిని ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది, నోటి నుంచి మద్యం వాసన. ‘కాస్త ఎక్కువైనట్టుంది, పడుకుంటే సర్దుకుంటుంది’ అన్నారు వెంట వచ్చిన బంధువు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ 41. గ్లూకోజ్ ఎక్కించాక కాసేపటికి కళ్లు తెరిచి భార్యను గుర్తుపట్టారు.

ఆయన తాగింది రెండు గ్లాసుల రెడ్ వైన్. షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఆ రాత్రి మాత్ర వేసుకున్నారు గానీ అన్నం తినలేదు. ‘గుండెకు మంచిదని అందరూ అంటుంటే నేనే గ్లాసులో పోసిచ్చాను డాక్టరుగారూ’ అంటూ ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు. తప్పు ఆమెది కాదు. ఆ మాట మన ఇళ్లలోకి వచ్చి చాలాకాలమైంది.

ఈ నమ్మకం ఎలా పుట్టింది?

వెన్న, చీజ్ బాగా తినే ఫ్రెంచివాళ్లలో గుండెజబ్బులు తక్కువెందుకు? 1991లో ఓ అమెరికా టీవీ కార్యక్రమం ఈ ప్రశ్న వేసి, రెడ్ వైన్‌ను కారణంగా చూపింది. దాంతో అక్కడ రెడ్ వైన్ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. మరుసటి ఏడాది ఫ్రెంచి పరిశోధకుడు సెర్జ్ రెనో ‘లాన్సెట్’ పత్రికలో దీనిపై వ్యాసం రాశారు.

తర్వాత లోతుగా చూస్తే లెక్క మారింది. మితంగా వైన్ తాగేవారిలో చాలామందికి ఆదాయం, మంచి తిండి, వ్యాయామం కూడా ఎక్కువే. ‘తాగనివారు’ అని లెక్కేసిన వారిలో జబ్బు చేసి మానేసినవారూ ఉన్నారు. వాళ్లతో పోలిస్తే తాగేవాళ్లే ఆరోగ్యంగా కనిపించారు. ఇక ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ సంగతి. లీటరు రెడ్ వైన్‌లో అది ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. పరిశోధనల్లో వాడిన మోతాదులు వందల మిల్లీగ్రాములు.

రకాన్ని బట్టి ఏం మారుతుంది?

నాసిక్ వైన్ తోటలు చూసొచ్చిన మిత్రులు, అమెరికా నుంచి వచ్చిన పిల్లలు ఇప్పుడు ఇళ్లలో షిరాజ్, క్యాబర్నే సావిన్యాన్, షెనిన్ బ్లాంక్ గురించి చెబుతున్నారు. ఏ కూరకు ఏది నప్పుతుందో సలహాలిస్తున్నారు. రుచి వరకు అవి సరైనవే కావచ్చు. ఆరోగ్యం సంగతి వేరు.

ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. దాదాపు అంతా తినేస్తే ‘డ్రై’, కొంత మిగిలితే ‘స్వీట్’. అంటే డ్రై వైన్‌లో చక్కెర తక్కువే గానీ ఆల్కహాల్ తక్కువని కాదు. ఎండ బాగా తగిలి పండిన ద్రాక్షలో చక్కెర ఎక్కువ. అందుకే వేడి ప్రాంతాల షిరాజ్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది. చల్లని ప్రాంతాల రీస్లింగ్‌లో 8, 9 శాతమే ఉండేవీ ఉన్నాయి. అసలైన పోర్ట్ వైన్‌లో మధ్యలో ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు. అందులో తీపీ ఎక్కువే, ఆల్కహాల్ కూడా సుమారు 20 శాతం. తియ్యగా ఉంది కదా అని దాన్ని టానిక్‌లా తాగకూడదు. క్రిస్మస్‌కు ఇంట్లో చేసే ద్రాక్ష వైన్‌కైతే లేబులే ఉండదు. ఎంత ఆల్కహాల్ ఉందో చేసినవాళ్లకూ తెలియదు.

12 శాతం వైన్ 150 మి.లీ. తాగితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ 14 గ్రాములు. 30 మి.లీ. విస్కీలో ఉండేది సుమారు 10 గ్రాములు. 13 శాతం వైన్ 750 మి.లీ. సీసా ఒక్కరే ఖాళీ చేస్తే ఏడు చిన్న పెగ్గులు దాటినట్టే. సీసా మారినా కాలేయానికి చేరేది అదే ఆల్కహాల్.

ఎవరికి ముప్పు?

- షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు: షుగర్ పడిపోతుంటే కాలేయం గ్లూకోజ్ తయారుచేసి ఆదుకుంటుంది. ఆల్కహాల్ ఆ పనికి అడ్డుపడుతుంది. ఖాళీ కడుపైతే ప్రమాదం మరీ ఎక్కువ. మత్తు, షుగర్ పడిపోవడం చూడటానికి ఒకేలా ఉంటాయి. అనుమానం వస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. స్పృహ ఉంటే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- బీపీ, గుండె లయ తప్పడం, ఫ్యాటీ లివర్, ట్రైగ్లిజరైడ్స్, గౌట్ ఉన్నవారు: ఇవి మరింత ముదురుతాయి.
- రక్తం పలచబరిచే మందులు, నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ వాడేవారు: వీటితో మద్యం వద్దు.
- ఆస్తమా ఉన్నవారు: వైన్ నిల్వకు వాడే సల్ఫైట్లతో కొందరికి ఆయాసం రావచ్చు.
- గర్భిణులు: ఒక్క గుక్క కూడా వద్దు.

ఆల్కహాల్ పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అందులో వైన్‌కు మినహాయింపు లేదు. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

కాబట్టి తాగని వారు గుండె కోసమని మొదలుపెట్టకండి. తాగేవారు డాక్టరు దగ్గర దాచకండి. ‘వైనే కదా’ అని వదిలేయకుండా ఎంత, ఎన్నిసార్లు తాగుతారో చెప్పండి. రోజూ ఎక్కువగా తాగే అలవాటుంటే ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే. డాక్టరు సలహాతో మానేయాలి.

ఆ మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది. షుగర్ మళ్లీ పడిపోవచ్చని ఆయనను మర్నాడు కూడా ఆసుపత్రిలోనే ఉంచాం. ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె అడిగారు: ‘మరి గుండెకు ఏం ఇమ్మంటారు?’ కూరలో ఉప్పు తగ్గించమన్నాను. మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యం కానివ్వొద్దన్నాను. సాయంత్రం అరగంట ఇద్దరూ కలిసి నడవమన్నాను.