అమరం మీద ఒకటా, రెండా?

నూజివీడు తోటల్లో చిన్నరసాలు, పెద్దరసాలు కోతకొచ్చే రోజుల్లోనే బందరు తీరాన పడవలు ఒడ్డెక్కుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఇంజిన్ పడవలకు వేట నిషేధం. ఇక్కడ తోటల్లో ఊపిరి సలపనంత పని. అక్కడ ఇంజిన్లు విప్పి, కడిగి, అరిగిన భాగాలు మార్చుకునే తీరిక. పడవకు కొత్త ఇంజిన్ కొనాలనుకునేవాళ్లు లెక్కలు వేసుకునేదీ అప్పుడే. వెనక అమరం మీద ఒక పెద్ద ఇంజిన్ బిగించాలా, చిన్నవి రెండు బిగించాలా?

ఇలా పడవ వెనక బిగించే ఇంజిన్నే అవుట్‌బోర్డు అంటారు. దాని లోపలి సంగతి మామిడి రైతుకు తెలియనిది కాదు. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టడానికి వీపున వేసుకునే పవర్ స్ప్రేయర్‌లో, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజిన్ ఉంటుంది. పాతరకం అవుట్‌బోర్డు గుండె కూడా అదే. దానికి కింద నిలువుగా ఒక ఇరుసు, ఇరుసు చివర పళ్లచక్రాలు, వాటికి నీళ్లలో తిరిగే ఫ్యాను. ఇంజిన్ మొత్తాన్ని పడవ వెనక చెక్కకు బిగించి, అవసరమైతే పైకి ఎత్తేయవచ్చు. ఇంజిన్‌నే పక్కకు తిప్పితే పడవ తిరుగుతుంది. వేరే చుక్కాని అక్కర్లేదు.

ఇలాంటి యంత్రాన్ని అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ ముందే తయారుచేశాడు. కానీ దాన్ని జనం చేతికి అందించినవాడు ఓలె ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే ఇంటివాళ్లతో విస్కాన్సిన్‌కు వలస వెళ్లాడు. ఎండలో ఐస్‌క్రీమ్ కోసం సరస్సు దాటి తెడ్డు వేసుకుంటూ వెళ్లొచ్చేసరికి అది కరిగిపోయిందని, ఆ ఉక్రోషంతోనే ఇంజిన్ చేశాడని కథ చెబుతారు. 1909లో అతను అమ్మకానికి పెట్టిన ఇంజిన్‌ది ఒకటే సిలిండర్, ఒకటిన్నర హార్స్‌పవర్, దాదాపు 28 కిలోల బరువు. ఉత్తరాలు, లెక్కలు, ప్రకటనలు అన్నీ చూసుకున్నది భార్య బెస్. ఆమె ఆరోగ్యం చెడితే ఓలె కంపెనీలో తన వాటా అమ్మేసి ఆమె వెంట ఉండిపోయాడు. ఈ యంత్రం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

1920 దశకం మొదట్లో ఆ దంపతులు మళ్లీ వచ్చారు, ఈసారి జంట సిలిండర్లతో. ఎదురెదురుగా అమర్చిన రెండు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి కాబట్టి ఒకదాని కుదుపును రెండోది చంపేస్తుంది. అల్యూమినియం వాడడంతో 3 హార్స్‌పవర్ ఇస్తూ కూడా అది పాతదానికన్నా తేలికైంది. అంటే ఒకటా రెండా అన్న ప్రశ్న పడవ మీదికి రాకముందే ఇంజిన్ కడుపులో పుట్టింది.

1960లో జపాన్‌లో యమహా ఈ రంగంలోకి దిగింది. 1980లలో కేరళ తీరం కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డులతో మారిపోయింది. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. వలలు పెద్దవయ్యేకొద్దీ పడవలూ పెద్దవై, కొన్నిటి వెనక రెండు మూడు ఇంజిన్లు చేరాయి. ముందు చేరినవాడికే చేపల గుంపు దక్కుతుంది కాబట్టి అది పరుగు పందెమైంది.

ఆంధ్ర తీరం దారి వేరు. ఇక్కడ నావ అలలు చీల్చుకుని ఇసుక మీదికే రావాలి, లేదా పూడిపోయే మొగ దాటాలి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ బంగాళాఖాతం కార్యక్రమం, ఇసుకలో దిగేటప్పుడు ఫ్యానును పైకి ఎత్తగలిగే చిన్న డీజిల్ పడవల మీద పనిచేసింది. మన ఫైబర్ బోట్ల మీద కనిపించేది ఎక్కువగా పొడవాటి ఇరుసున్న లాంగ్ టెయిల్ డీజిలే. అదే పనికి పాత టూ స్ట్రోక్ తాగే ఇంధనంలో దీనికి ఇంచుమించు సగం చాలు. కొల్లేటి దోనెకైతే గెడ చాలు. గుర్రపు డెక్కలో ఏ ఫ్యానైనా చుట్టుకుపోతుంది.

ఇక లెక్కకు వద్దాం. నీటిని తోసుకుంటూ నెమ్మదిగా వెళ్లే బరువైన వేట పడవకు కావలసిన శక్తి, రమారమి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పదో వంతు తగ్గిస్తే శక్తి అవసరం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. తిరగేసి చూస్తే, సగం శక్తితోనే పూర్తి వేగంలో దాదాపు 79 శాతం వస్తుంది. రెండో ఇంజిన్ తెచ్చేది మిగిలిన ఆ కాస్త వేగమే! నీటి మీద తేలిపోతూ దూసుకెళ్లే తేలిక పడవ సంగతి వేరు. రెండు ఇంజిన్లలో ఒకటి ఆగితే పడవ నీటిలోకి కూర్చుంటుంది, మిగిలిన ఇంజిన్ సాధారణంగా దాన్ని మళ్లీ పైకి లేపలేదు.

మొత్తం శక్తి సమానమైతే ఒక పెద్ద ఇంజిన్‌దే పైచేయి. పెద్ద ఫ్యాను ఎక్కువ నీటిని నెమ్మదిగా తోస్తుంది. చిన్న ఫ్యాన్లు తక్కువ నీటిని వేగంగా చిమ్మి శక్తిని వృథా చేస్తాయి. రెండు ఇంజిన్ల కాళ్లు నీటిలో ఉంటే నీటి అడ్డు కూడా పెరుగుతుంది, సర్వీసు ఖర్చూ అంతే. జంటకున్న సుఖం మలుపులో ఉంది: ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పితే పడవ ఉన్నచోటే తిరుగుతుంది.

చాలామంది రెండు కొనేది మాత్రం భయంతో, అది న్యాయమైన భయం. ఒక ఇంజిన్ వంద ప్రయాణాల్లో ఒకసారి ఆగుతుందనుకుందాం. రెండుంటే ఏదో ఒకటి ఆగడం వందకు దాదాపు రెండుసార్లు; రెండూ ఒకే ప్రయాణంలో ఆగడం పదివేలకు ఒకసారి. కానీ ఈ పదివేల లెక్క నిలవాలంటే ఒకదాని జబ్బు రెండోదానికి అంటకూడదు. ఒకే ట్యాంకులో నీళ్లు కలిస్తే రెండూ నిమిషాల తేడాతో ఆగిపోతాయి. ఒకే బ్యాటరీ అయినా అంతే. ప్రాణాలు కాపాడేది ఇంజిన్ల సంఖ్య కాదు, వాటి మధ్య ఉన్న ఎడం.

అందుకే ఒడ్డు కనిపించే దూరంలో వేటాడే పడవకు మంచి ఇంజిన్ ఒకటి, దాని పక్కన వేరే ట్యాంకుతో, తాడు లాగితే స్టార్టయ్యే చిన్న ఇంజిన్ మరొకటి చాలని నా గట్టి నమ్మకం. ట్యూనా కోసం రోజుల తరబడి లోసముద్రానికి పోయేవాళ్లకు ఈ మాట చెప్పను. వాళ్లకు జంట కావాలి, ట్యాంకు, ఫిల్టరు, బ్యాటరీ దేనికది వేరుగా. ఇక ఆ చిన్న ఇంజిన్‌ను వారానికోసారైనా నీటిలో నడిపి, తర్వాత మంచినీళ్లతో కడగాలి. నెలల తరబడి వాడకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు జిగురు కట్టి, అవసరమైన రోజున ఎంత లాగినా అది పలకదు.