అంకెలకు ముందు ఆప్యాయత

నాలుగేళ్ళ చిన్నారి అతిథుల ముందు నిలబడి ఒకటి నుండి నూరు వరకు గడగడా అప్పజెబుతుంది. పెద్దలు ‘మాషా అల్లాహ్’ అంటూ మురిసిపోతారు. ఆ సాయంత్రమే “ఇఫ్తార్ పళ్ళెంలో ఐదు ఖర్జూరాలు పెట్టు బేటీ” అని నానీ అడిగితే, గుప్పెడు తెచ్చి కుమ్మరిస్తుంది. “నూరు వరకు వచ్చు, ఐదు రావా?” అని ఎవరో నవ్వుతారు. చిన్నారి ముఖం చిన్నబోతుంది. తప్పు ఆ పాపది కాదు. మనం నేర్పింది అంకెల పేర్లే తప్ప లెక్క కాదు.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

పసిపిల్లలు లెక్కించే తీరును నిశితంగా పరిశీలించిన గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో కొన్ని మూలసూత్రాలను వివరించారు. వాటిలో మూడు ప్రతి తల్లీ తెలుసుకోదగినవి. మొదటిది, ఒక్కో వస్తువుకు ఒక్కో అంక మాత్రమే చెప్పాలి. రెండవది, అంకెల వరుస ఎప్పుడూ మారరాదు. మూడవది, చివర పలికిన అంకే మొత్తం సంఖ్య. ఈ మూడవదే పిల్లలకు కష్టం. ఐదు గిన్నెలు సరిగ్గా లెక్కించిన పిల్లవాడిని “మొత్తం ఎన్ని?” అని అడిగి చూడండి. జవాబు చెప్పకుండా మళ్ళీ ఒకటి నుండి మొదలుపెడతాడు. అది మొండితనం కాదు. ఆ అవగాహన ఇంకా వికసించలేదంతే.

అలాగే, సమాన సంఖ్యలో ఉన్న రెండు వరుసల చెంచాలలో ఒక వరుసను కాస్త ఎడంగా పరిస్తే, ఆ ఈడు పిల్లలు చాలామంది దానిలోనే ఎక్కువ ఉన్నాయంటారు. పియాజే ఈ విషయాన్ని ఎన్నడో గుర్తించాడు. గద్దింపుతో ఈ పొరపాటు పోదు. వస్తువులను పదేపదే చేతులతో తాకి, జతపరచి, పంచితేనే పోతుంది.

రెండు భాషల నడుమ

మన ఇళ్ళలో మరొక చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, అంగన్‌వాడీలో తెలుగు, ప్రైవేటు నర్సరీలో ఇంగ్లీషు. తెలుగులో ఇరవై దాటాక దారి సుగమం: ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఉర్దూలోనో ఇక్కీస్, బాయీస్, తేయీస్ అంటూ ప్రతి సంఖ్యకూ వేరే రూపం. ‘ఉన్తీస్’లో ‘తీస్’ వినబడినా అది ముప్పై కాదు, ముప్పైకి ఒకటి తక్కువ. కనుక పిల్లవాడు తడబడితే మందబుద్ధి అని ముద్ర వేయడం అన్యాయం. ముందు పది వరకు ఇంటి భాషలోనే, వస్తువులతో స్థిరపడనివ్వండి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష ఏదో టీచరుకు ముందే చెప్పండి. అర్థమైన లెక్క భాష మారినా పోదు.

దస్తర్‌ఖాన్ మీద పాఠం

దస్తర్‌ఖాన్ పరచినప్పుడు మనిషికొక పళ్ళెం పెట్టే పని పిల్లలకు అప్పగించండి. “ఇంకా ఎవరికి రాలేదు?” అని అడగండి. బియ్యం ఏ గిన్నెలో ఎక్కువ పడతాయో వారే పోసి తెలుసుకోనివ్వండి. చెప్పులను జతలుగా సర్దించండి. ఫజ్ర్‌లో రెండు రకాతుల ఫర్జ్, మగ్రిబ్‌లో మూడు, జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగేసి. పక్కన నిలబడే పసివారు వేళ్ళు మడుస్తూ ఇది ఇట్టే పట్టుకుంటారు. అయితే తస్బీహ్ పూసలు, చింతగింజల వంటివి మూడేళ్ళలోపు వారికి ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఏడుపు వినే హృదయం

తాము సుదీర్ఘంగా నమాజు చేయాలని సంకల్పించినా, పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి పడే వేదనను తలచి దైవప్రవక్త (స) నమాజును సంక్షిప్తం చేసేవారు. మనుమరాలు ఉమామాను భుజాన ఎత్తుకొని నమాజు చేశారనీ, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారనీ హదీసులు తెలుపుతున్నాయి. ఆరాధనలోనే పసివారికి ఇంతటి చోటుంటే, అక్షరాలు, అంకెలు నేర్పే గదిలో ఎంత ఉండాలి?

ఆకలితో, భయంతో, మరుగుదొడ్డికి వెళ్ళాలని చెప్పలేక బిగుసుకుపోయిన బిడ్డ బుర్రకు లెక్క ఎక్కదు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పోషకాహారాన్నీ, ఆరోగ్యాన్నీ, మూడు నుండి ఆరేళ్ళ వారి పూర్వ ప్రాథమిక విద్యనూ ఒకే చోట చేర్చడంలోని అంతరార్థం ఇదే. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసుకు ఆటపాటల చదువునే సూచించింది.

కానీ మనలో చాలామంది బడిని నోటుపుస్తకంతో కొలుస్తాం. “ఇంకా నూరు వరకు రాయించలేదా?” అని నిలదీస్తాం. ఆ ఒత్తిడి టీచరు మీదుగా, ఇంకా పట్టు చిక్కని ఆ చిన్న వేళ్ళ మీద పడుతుంది. బిడ్డను చేర్చే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి: ఏడ్చే బిడ్డను ఎవరు దగ్గరకు తీసుకుంటారు? తాకి ఆడుకునే వస్తువులు ఉన్నాయా? భోజనానికి ముందు చేతులు కడిగిస్తారా? తప్పు చెప్పిన బిడ్డను కొడతారా, మరో అవకాశం ఇస్తారా?

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఈ సాయంత్రం నానీ మళ్ళీ ఖర్జూరాలు అడిగితే, పాప పక్కన కూర్చోండి. ఒక్కొక్కటే పళ్ళెంలో పెడుతూ కలిసి లెక్కించండి. ఐదు దగ్గర ఆగి, “ఇప్పుడు మొత్తం ఎన్ని?” అని మెల్లగా అడగండి. జవాబు రాకపోయినా చిరునవ్వు చెదరనీయకండి. రేపు కూడా ఇఫ్తార్ ఉంటుంది, ఇన్షా అల్లాహ్.