హిమశకటమునకు చుక్కాని

బరంపురమునకు సుమారు 10 మైళ్ల దూరమున, గోపాలపురపు తీరమందు కెరటముల నెదిరించి పోవు తెలుగు వాడబలిజల తెప్పకు వెనుకనున్న తెడ్డు ఎట్టిదో, 1959లో కెనడా దేశీయుడైన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే విపణికి తెచ్చిన స్కీ-డూ వంటి మంచుబండికి ముందునున్న జంట స్కీలట్టివి. హిమమెరుగని మన గంజాము వారికి ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. బండిని నడుపునది వెనుకనున్న రబ్బరు పట్టా. త్రిప్పునది స్కీ అడుగున పొడవుగా నుబికియుండు వెన్ను, దానికి బిగించిన ఉక్కుకమ్మీ, ఆ కమ్మీ అంచున పొదిగిన కార్బైడు.

కంపెనీ యిచ్చిన స్కీలను తీసి, అన్యులు చేసినవి తగిలించువారు పెక్కుమంది కలరు. వెన్ను లోతైనచో మలుపున బండి ముక్కు వెలుపలికి జారుట తగ్గును గాని, హ్యాండిలు బరువెక్కి భుజములు నొచ్చును. వెడల్పు స్కీ మెత్తని మంచుపై తేలును. గట్టి బాటపై దాని ప్రయోజనము స్వల్పము. ఒంటి వెన్ను గల స్కీ ముందుపోయిన బండ్ల జాడలలో చిక్కి అటునిటు లాగుచుండగా, జంట వెన్నులది ఆ చాపల్యమును చాలవరకు మాన్పును. నా మట్టుకు, ధనము వెచ్చింపకముందే అరిగిన కార్బైడును మార్చి, రెండు స్కీలును సమాంతరముగా నున్నవో లేవో టేపుతో కొలిచి చూచుట యుక్తమని తోచును. ఏలయన, వేగము హఠాత్తుగా పెంచినపుడు భారము వెనుకకు మరలి స్కీలు తేలికపడును గనుక, ఎంత వెల పోసినదైనను ఆ క్షణమున బండిని త్రిప్పజాలదు.