నెల రోజుల సర్టిఫికెట్‌కు అంగన్‌వాడీ పోస్టు రాదు

దుమ్ముగూడెం వైపు గూడెం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈ వేసవిలో నా ముందు ప్లాస్టిక్ కవరు ఒకటి పెట్టింది. లోపల మందపాటి కాగితం మీద అచ్చేసిన ‘నర్సరీ టీచర్ ట్రైనింగ్’ సర్టిఫికెట్. మూలన బంగారు రంగు ముద్ర. “ఇది ఉంటే మా ఊరి అంగన్‌వాడీ పోస్టు నాకే వస్తదన్నారు మేడం. ఎప్పుడిస్తారో అడుగుదామని వచ్చిన” అంది.

పన్నెండు వేలు కట్టింది. తల్లి తునికాకు డబ్బు అది. కట్టకు యాభై ఆకులు. తెల్లారకముందే అడవికి పోవాలి, ఎండ ముదిరేలోపు తిరిగి రావాలి, పొద్దంతా ఆకు మీద ఆకు పేర్చి కట్టలు కట్టాలి, సాయంత్రం కల్లానికి మోసుకుపోవాలి. ఆ కాగితంలో ఎన్ని కట్టల ఆకు ఉందో ఆలోచిస్తే నాకు కడుపులో దేవినట్టయింది. క్లాసులు ఎన్ని రోజులు జరిగాయని అడిగాను. నాలుగు ఆదివారాలు. చిన్నపిల్లలతో ఎన్ని రోజులు పనిచేయించారని అడిగాను. తల దించుకుంది. ఒక్క రోజు కూడా లేదు.

ఇలాంటి కాగితం నేను చూడటం ఇది మొదటిసారి కాదు. చర్ల నుంచి, గుండాల నుంచి, ములకలపల్లి నుంచి వచ్చిన ఆడపిల్లల చేతుల్లోనూ చూశాను. అందరిదీ ఒకటే మాట: “నెల రోజుల ఎన్‌టీటీ చేస్తే పోస్టు ఖాయం.” ఈ పుకారు ఇంటర్ పాసైన పిల్లల్ని కాలేజీ గుమ్మం దగ్గరే వెనక్కి తిప్పేస్తోంది. అందుకే దీని గురించే ముందు మాట్లాడాలి.

అంగన్‌వాడీ పోస్టును ఖాయం చేసే అధికారం ఏ ప్రైవేటు సంస్థకూ లేదు. పోస్టు ఖాళీ అయితే మహిళా శిశు సంక్షేమ శాఖ నోటిఫికేషన్ ఇస్తుంది. దరఖాస్తు చేసే స్త్రీ ఆ ఊరి మనిషై ఉండాలి. చదువు, మార్కులు, వయసు, రిజర్వేషన్ చూసి ఎంపిక చేసేది జిల్లా స్థాయి కమిటీ. ఒకప్పుడు పదో తరగతి చాలేది. 2022లో కేంద్రం ఇచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ – పోషణ్ 2.0 మార్గదర్శకాలు కనీస చదువును ఇంటర్‌కు పెంచాయి. వయసు 18 నుంచి 35. నెల రోజుల ఎన్‌టీటీ కాగితానికి ఈ అర్హతల్లో చోటు లేదు.

“మరి పక్క రాష్ట్రంలో మార్కులు కలుపుతారట కదా” అంటారు. భద్రాచలం పట్టణం దాటగానే ఎటపాక, అది 2014 నుంచి ఆంధ్రప్రదేశ్. బంధువులంతా అటూ ఇటూ ఉన్నవాళ్లే కాబట్టి అక్కడి మాట ఇక్కడికి రావడానికి గంట పట్టదు. కానీ సగమే వస్తుంది. అక్కడి ఎంపికలో నూటికి యాభై మార్కులు పదో తరగతికి. ప్రీ స్కూల్ శిక్షణకు ఐదు. ఆ ఐదూ ఇంటర్ బోర్డు నడిపే క్రెష్, ప్రీ స్కూల్ కోర్సుల్లాంటి వాటి కోసం పెట్టినవి. నాలుగు ఆదివారాల కాగితానికి అవి రావు. వితంతువులకు, అనాథలకు, దివ్యాంగులకు వేరే మార్కులున్నాయి. ఈ లెక్క మొత్తం చెప్పకుండా ‘మార్కులు కలుస్తాయి’ అన్న ముక్క ఒక్కటి పట్టుకుని డబ్బులు వసూలు చేయడం పేదింటి నోటి దగ్గర ముద్ద లాక్కోవడమే.

పోస్టు వస్తే ఏమిటో కూడా తెలిసి ఉండాలి. అంగన్‌వాడీ టీచరుకు అందేది జీతం కాదు, గౌరవ వేతనం. తెలంగాణలో 2021లో పెంచాక నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. గ్రాట్యుటీకి వీళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న చెప్పాల్సి వచ్చింది. ఎదుగుదల దారి మాత్రం ఉంది. ఐదేళ్లు పనిచేసిన టీచర్లతో సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం నింపాలని అవే కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మెట్టు ఎక్కాలనుకునే అమ్మాయికి చదువు ఎంత ఉంటే అంత మంచిది.

అసలు ఈ వ్యాపారం సాగడానికి కారణం ఇంకో నమ్మకం. అది ఊళ్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. “మూడేళ్ల పిల్లల్ని ఆడించడానికి చదువెందుకు? ఆడది అయితే చాలదా?” ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు ఒక గూడెంలో చూసిన మధ్యాహ్నం గుర్తొస్తుంది.

మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి ఒకామె అంగన్‌వాడీలో ప్రాక్టీసు చేస్తోంది. మైదాన ప్రాంతం పిల్ల, ఓపిక ఉన్న మనిషి. నాలుగేళ్ల కోయ పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడి “ఏరు, ఏరు” అంటున్నాడు. ఈమె దగ్గరకు తీసుకుని, “ఏటి దగ్గరికి పోకూడదు, లోతు ఉంటది” అని బుజ్జగించింది. వాడు మళ్లీ “ఏరు” అన్నాడు. ఈమె వాడిని కూర్చోబెట్టి చేప బొమ్మ చూపించింది. వాడు ఏడుపు అందుకున్నాడు. వంటగదిలోంచి ఆయా గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. గటగటా తాగేశాడు. కోయ భాషలో ఏరు అంటే నీళ్లు.

ఆ రోజే ఇంకొకటి. రంగు గింజలు వరసగా పేర్చే ఆటలో ఒక పాప చేయెత్తి “నన్న, నన్న” అంటోంది. ఈమె “నాన్న సాయంత్రం వస్తాడమ్మా” అంది. కోయలో నన్న అంటే నేను. ‘నేను పేరుస్తా’ అని ఆ పాప అడుగుతోంది. మూడోసారి అడిగాక చేయి దించేసింది. ఆ తర్వాత ఆ పూటంతా చేయి ఎత్తలేదు.

ఆ అమ్మాయికి ప్రేమ లేదా? బోలెడంత ఉంది. ఆడదే కూడా. లేనిది తెలివిడి. దాహం వేసిన పిల్లాడి మాట తెలియకపోతే ప్రేమ నీళ్లివ్వలేకపోయింది. ఆమె ఆ రాత్రి డైరీలో ఈ రెండు మాటలూ రాసుకుని మర్నాడు ఆయా దగ్గర కూర్చుని ఇంకో పది నేర్చుకుంది. శిక్షణ అంటే అది. పిల్లల మధ్య తప్పు చేయాలి, పక్కన తెలిసినవాళ్లు ఉండి దాన్ని పట్టుకోవాలి, మర్నాడు సరిదిద్దుకోవాలి. నాలుగు ఆదివారాలు కుర్చీలో కూర్చుంటే ఇది జరగదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా బోధనలో ఎనిమిది గిరిజన భాషలను తీసుకున్నారు, వాటిలో కోయ ఒకటి. అది బడికి వచ్చే పిల్లల కోసం. బడి కంటే ముందే, మూడేళ్లప్పుడే, ఇంటి మాట నుంచి తెలుగులోకి పిల్లను చేయి పట్టి నడిపించాల్సింది అంగన్‌వాడీ టీచరు. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా పూర్తవుతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. అంత విలువైన ఏళ్లను ఏమీ నేర్చుకోని చేతుల్లో పెట్టి, ‘ఆడించడమే కదా’ అనుకుందామా?

అడవి పిల్లలకు ఎలా చెప్పాలో మన దేశంలో ఎవరూ కనిపెట్టలేదనీ కాదు. తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం పని మొదలుపెట్టింది. శిష్యురాలు అనూతాయి వాఘ్‌తో కలిసి తర్వాత కోస్‌బాడ్ కొండకు, వార్లీ ఆదివాసీల మధ్యకు మారింది. పిల్లలు బాలవాడికి, అంటే పసిపిల్లల బడికి, రాకపోతే బాలవాడినే వాళ్ల పెరట్లోకి తీసుకెళ్లారు. పశువుల వెంట పోయిన పిల్లల కోసం బడిని మేత బీడుకు తీసుకెళ్లారు. కొన్న బొమ్మల బదులు గింజలు, గవ్వలు, ఆకులు, పుల్లలతో బోధన సామగ్రి చేశారు. ఇంటి ముంగిట్లో జరిగే బడి కాబట్టి అంగన్‌వాడీ అన్న పేరు అక్కడే పుట్టింది. 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడు దేశమంతా ఆ పేరే తీసుకుంది. పేరు మన గూడెంలోకి వచ్చింది, ఆ పద్ధతి ఎంత వచ్చింది? ఇప్ప గింజలు, చింత గింజలు, తునికాకులు ఇంటింటా ఉన్న చోట, ఇంట్లో తల్లి యాభై ఆకులు లెక్కపెడుతుంటే చూస్తూ పెరిగే పిల్లకు, గోడ మీద ఆపిల్ బొమ్మ చూపించి లెక్క చెబుతున్నాం.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు.

మూడేళ్లకే పలకా బలపం పట్టించాలంటారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, మూడేళ్లకు వాటిలో రెండో మూడో మాత్రమే గట్టిపడి ఉంటాయి. ఆ చేతికి మట్టి పిసకడం, గింజలు ఏరడం కావాలి, నాలుగు వరసల కాపీ కాదు.

బీఈడీ చేస్తే కింది తరగతులన్నిటికీ పనికొస్తుందంటారు. రాదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చేసింది.

ఇది ఆడవాళ్ల పని, మగపిల్లలకు పనికిరాదంటారు. అంగన్‌వాడీ పోస్టులు స్త్రీలకే, నిజమే. కానీ కాలేజీలో చిన్నపిల్లల బోధన చదవడానికి ఆ అడ్డు లేదు. భావనగర్‌లో 1920లో బాలమందిర్ నడిపిన గిజుభాయి బధేకా వకీలు పని వదిలి వచ్చిన మగమనిషే. గుజరాతీ జనం ఆయన్ను మీసాల అమ్మ అని పిలుచుకున్నారు.

ఒక్క మాట మాత్రం, ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా, ఒప్పుకోక తప్పదు. “డీపీఎస్‌ఈ చేస్తే ఉద్యోగాలు తక్కువ” అంటారు. అది నిజం. ప్రాథమిక తరగతుల టీచర్లకు డీఎల్‌ఈడీ, బడికి ముందు వయసు పిల్లల టీచర్లకు డీపీఎస్‌ఈ, రెండూ రెండేళ్ల డిప్లొమాలే. రెండింటికీ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ ఒకటే. కానీ డీఎల్‌ఈడీ చేసినవాళ్లు టెట్ మొదటి పేపర్ రాసి ప్రాథమిక బడి టీచరు (ఎస్‌జీటీ) పోస్టుకు డీఎస్సీకి పోవచ్చు. ఒట్టి డీపీఎస్‌ఈతో పోలేరు. చిన్నపిల్లల కోసమే ప్రత్యేకంగా చదివినవాళ్లకు సర్కారు బడిలో శాశ్వతమైన పోస్టు పెట్టకపోవడం నా దృష్టిలో పెద్ద తప్పు. 2025–26లో తెలంగాణ కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరిచింది. ఆ తరగతులకు ఈ చదువు చదివినవాళ్లనే రెగ్యులర్‌గా తీసుకునే రోజు రావాలి. ఆ రోజు వచ్చేదాకా, ఇంటి బరువు మోయాల్సిన పిల్లకు డీపీఎస్‌ఈ ఒక్కటే చదవమని నేను చెప్పలేను.

అందుకే ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఇంటర్ అయితే ముందు డీఈఈసెట్ రాయి. ఇంటర్‌లో యాభై శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు నలభై ఐదు. పదిహేడేళ్లు నిండాలి, పై వయసుకు అడ్డు లేదు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా రాయొచ్చు. ఖమ్మంలో సర్కారు టీచర్ శిక్షణ సంస్థ, డైట్ ఉంది. అందులో సీటు వస్తే ఫీజు భారం ఎంత తగ్గుతుందో ప్రైవేటు కాలేజీ ఫీజు కనుక్కుంటే తెలుస్తుంది. డిగ్రీ దారిలో పోవాలనుకుంటే హైదరాబాద్ సైఫాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది, పాత పేరు హోం సైన్స్ కాలేజీ. పిల్లల ఎదుగుదలను నాలుగేళ్ల డిగ్రీలో భాగంగా చెబుతారు, ప్రయోగశాలగా నర్సరీ బడి కూడా నడుపుతారు. సూపర్‌వైజర్ పోస్టుల అర్హతల్లో హోం సైన్స్ డిగ్రీ ఉంటుంది.

ఎవరైనా టీచర్ ట్రైనింగ్ అని డబ్బు అడిగితే రెండు ప్రశ్నలు వేయి. మీ కోర్సుకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపు ఉందా, ఉంటే ఆ కాగితం చూపించండి అను. ప్రాక్టీసుకు ఏ అంగన్‌వాడీకి, ఏ బడికి పంపుతారు, ఎన్ని వారాలు అని అడుగు. రెండోదానికి నీళ్లు నమిలితే పర్సు తీయకు. పోస్టు ఇప్పిస్తామన్న మాట వినపడగానే లేచి వచ్చేయి. అనుమానముంటే అంగన్‌వాడీలను చూసే అధికారి (సీడీపీఓ) ఆఫీసుకు వెళ్లి అడుగు, అక్కడ అడగడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

అన్ని దారుల కంటే ముందు, ఖర్చు లేని పని ఒకటుంది. మీ గూడెం అంగన్‌వాడీలో వారం రోజులు పొద్దున్నుంచి కూర్చో. టీచర్ని అడిగితే కాదనదు, ఇరవై మంది పిల్లల మధ్య ఆమెకూ చేయి సాయం కావాలి. పిల్లలు ఏ మాటకు నవ్వుతున్నారో, దేనికి అలుగుతున్నారో చూసి రాసుకో. వారం తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే ఈ చదువు నీది.

దుమ్ముగూడెం అమ్మాయికీ ఇదే చెప్పాను. పన్నెండు వేల కోసం ఆ సంస్థకు రెండుసార్లు తిరిగింది, ఫోన్ ఎత్తడం లేదు. రసీదు ఉంది కాబట్టి ఫిర్యాదు రాసి ఇచ్చాం. ఆ తర్వాత వారానికి నోటు పుస్తకం పట్టుకుని మళ్లీ వచ్చింది. ఆమె కోయ పిల్ల, ఏరు, నన్న ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె రాసుకొచ్చింది వేరే. పిల్లలు రోజూ వాడే కోయ మాట ఎడమవైపు, దాని తెలుగు కుడివైపు, మూడు పేజీలు. మైదానం నుంచి వచ్చే టీచర్లకు ఇస్తే పనికొస్తుంది కదా మేడం అని అడిగింది. దాన్ని జిరాక్స్ తీయించి ఈసారి ప్రాక్టీసుకు వెళ్లే బ్యాచ్ అందరికీ ఇస్తున్నాను.